అమ్మకం ఆపాలా, షరతు పెట్టాలా, చూసీ చూడనట్టు పోవాలా? దేశాల ముందున్న నాలుగు దారుల పోలిక

చెన్నై పెరియమేట్‌లో ఒక తోలు ఎగుమతి సంస్థలో పత్రాల పని చూసుకునే నా బల్ల మీదికి 2025 ఆగస్టు చివరి వారంలో ఒకే రోజున రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది ఒక యూరప్ బయ్యర్ పంపిన ప్రశ్నావళి. తోలు ఏ ఊరి టానరీలో (పచ్చి చర్మాన్ని శుద్ధి చేసి తోలుగా మార్చే కర్మాగారంలో) తయారైంది, అక్కడి మురుగునీరు ఎక్కడికి పోతోంది, బూట్ల పైభాగాలు కుట్టే ఆడవాళ్లకు ఓవర్‌టైం ఎలా కడుతున్నారు అని అందులో అడిగారు. రెండోది ఒక అమెరికా బయ్యర్ రాసినది. భారత్ రష్యా చమురు కొంటున్నందుకు తమ ప్రభుత్వం ఆగస్టు 27 నుంచి అదనంగా 25 శాతం సుంకం వేసిందని, అంతకుముందు వేసిన 25తో కలిపి అదనపు భారం 50 శాతానికి చేరిందని, కాబట్టి ఖాయమైన ఆర్డరు ధరలో కూడా మేం కొంత తగ్గించుకోక తప్పదని దాని సారాంశం. మొదటివారు ఒక విలువ పేరు చెప్పి మమ్మల్ని లెక్క అడిగారు, రెండోవారు మరో విలువ పేరు చెప్పి డబ్బే అడిగారు.

ఆ తర్వాత టి.నగర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో మేం కొందరు తెలుగువాళ్లం కూడినప్పుడు, దేశాలు వ్యాపారంలో విలువలు చూడాలా, లాభం చూడాలా అన్న మాటే నడిచింది. ఆడిటర్ ఒకాయన "దేశానికి విలువలేమిటండీ, లాభనష్టాలే గానీ" అని తేల్చేశారు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పే ఒకావిడ "అయితే జాతి వివక్ష పాటించిన దక్షిణాఫ్రికాతో 47 ఏళ్లు వ్యాపారం ఎందుకు మానుకున్నామండీ" అని ఎదురు అడిగారు. సివిల్స్‌కు చదువుతున్న కుర్రవాడు ఇద్దరి మాటలూ రాసుకుని, "పరీక్షలో ఏ పక్షం రాయమంటారు సార్" అన్నాడు. ఈ పోలిక ముందుగా అతని కోసం, ఆపైన ఎటు నిలబడాలో తేల్చుకోలేని ఓటర్ల కోసం, నాలాంటి ఎగుమతి మనుషుల కోసం.

## ముందు తూకపు రాళ్లు

ఏ ప్రభుత్వమూ విలువలకు వ్యతిరేకంగా ప్రకటన చేయదు కాబట్టి ప్రకటనలను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా శ్రమ. తూచడానికి నాకు నాలుగు రాళ్లు చాలనిపించింది.

మొదటిది ఖర్చు. మన భాషలో విలువ అన్న మాటకు వెల అన్న అర్థం కూడా ఉంది. ఆ వెల ఎవరు చెల్లిస్తున్నారో చూడకుండా విలువను తూచలేం. నిర్ణయం తీసుకున్న దేశమే నష్టం భరిస్తోందా, అవతలి దేశపు కూలీలు భరిస్తున్నారా, లేక సొంత దేశంలోనే ఆ నిర్ణయంతో ఏ సంబంధమూ లేని పరిశ్రమ ఒకటి భరిస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

రెండోది పట్టు, అంటే ఎవరికి ఎవరి అవసరం ఎక్కువ అన్నది. 2010లో నార్వేలో నోబెల్ కమిటీ చైనా అసమ్మతివాది లియూ షియావోబోకు శాంతి బహుమతి ప్రకటించినప్పుడు, ఆ కమిటీ ప్రభుత్వం మాట వినేది కాకపోయినా, చైనా నార్వేతో రాజకీయ సంబంధాలను స్తంభింపజేసింది. నార్వే సాల్మన్ చేపల వ్యాపారులు చైనా మార్కెట్‌లో తమ వాటా పోగొట్టుకున్నారు. చైనా ప్రధాన ప్రయోజనాలకు భంగం కలిగించే పనులను సమర్థించబోమని నార్వే 2016 డిసెంబరులో ఉమ్మడి ప్రకటనలో ఒప్పుకున్నాకే సంబంధాలు మళ్లీ మామూలయ్యాయి. పట్టు లేని చోట విలువ చివరికి ఎలాంటి కాగితంగా మారుతుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మూడోది మెట్లు: అవతలివాడు తప్పు దిద్దుకుంటే తిరిగి రావడానికి దారి, గడువు, చేయూత ఉన్నాయా అన్నది. నాలుగోది ఇంటి నియమం: ఇతరులను అడిగేదాన్ని మన గడప లోపల మనం పాటిస్తున్నామా అన్నది.

ఈ నాలుగు రాళ్లకూ సరితూగే శాసనం ఒకటి మన దగ్గరే ఉంది. ఓడ తుఫానులో చితికి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజు పరం చేసుకోవడం ఆనాటి తీరంలో మామూలు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఆ పద్ధతిని వదులుకుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చి, ముప్పైలో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని రాతి మీద చెక్కించింది. కీర్తి కోసం, ధర్మం కోసం అని శాసనం చెప్పుకుంటుంది. రేవుకు ఓడలు ఎక్కువ రావాలన్న లెక్క అందులో లేదని ఎవరూ అనుకోనక్కరలేదు. గమనించవలసింది ఏమిటంటే, వదులుకున్న ఆదాయం రాజుదే, నియమం కట్టిపడేసిందీ రాజునే.

## నాలుగు దారులు ఒక చూపులో

| దారి | ఖర్చు ఎవరి మీద పడుతుంది | ఎంత పట్టు కావాలి | తిరిగి వచ్చే మెట్లు |
|---|---|---|---|
| మౌన వాణిజ్యం | ఇప్పుడు ఎవరి మీదా పడదు, తర్వాత అందరి మీదా పడవచ్చు | దాదాపు అక్కరలేదు | అడిగిందే లేదు కనుక ఉండవు |
| షరతుల వాణిజ్యం | అమ్మే దేశపు పరిశ్రమ మీద, కొంత కొనేవారి మీద | కొనే మార్కెట్ పెద్దదై ఉండాలి | రాసినవారి ఉద్దేశాన్ని బట్టి ఉంటాయి |
| నిషేధం | ఇరువైపులా, ముఖ్యంగా అవతలి సామాన్యుల మీద | చాలా దేశాలు కలవాలి | మొదటే రాసుకోకపోతే దొరకవు |
| ఆధారం తగ్గించుకోవడం | సొంత ఖజానా మీద, సొంత వినియోగదారుల మీద | అక్కరలేదు, ఓపిక కావాలి | ప్రశ్నే రాదు |

పట్టిక చూస్తే అన్నీ సమానంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, నా లెక్కలో అవి సమానం కావు. రెండో దారి గురించి చెప్పవలసింది ఎక్కువ కనుక మిగిలినవాటిని కొంత క్లుప్తంగా ముగిస్తాను.

## మౌన వాణిజ్యం

వ్యాపారం సాగితే మనసులు మెత్తబడతాయన్నది ఈ దారికి పునాది. జర్మనీ దాన్నే "వాణిజ్యం ద్వారా మార్పు" అని సిద్ధాంతం చేసుకుని, రష్యా నుంచి సహజ వాయువు తెచ్చుకోవడం పెంచుకుంటూ పోయింది. 2021 నాటికి దాని వాయువు దిగుమతుల్లో రష్యా వాటా సగం దాటింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలు కాబోయే ముందు, 2022 ఫిబ్రవరి 22న, రష్యా వాయువు తెచ్చే కొత్త పైపులైను నార్డ్ స్ట్రీమ్ 2కు అనుమతి ప్రక్రియను ఆపేసింది. ఏళ్ల తరబడి వాయిదా పడ్డ ఖర్చు ఆ ఏడాది ఇళ్ల కరెంటు బిల్లుల మీద, ఫ్యాక్టరీల మీద ఒక్కసారిగా పడింది. మార్పు వచ్చింది నిజమే గానీ, అది రష్యాలో రాలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ మయన్మార్. 1988 ఉద్యమ కాలంలో భారత్ ప్రజాస్వామ్యవాదుల పక్షాన గట్టిగా మాట్లాడింది. 1990ల మధ్యకు వచ్చేసరికి ఈశాన్య సరిహద్దులో తిరుగుబాటు దళాలు, అక్కడ పెరుగుతున్న చైనా పలుకుబడి, తూర్పు వైపు రోడ్డు, రేవు అవసరాలు చూసుకుని సైనిక పాలకులతో మాటలు కలిపింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ అధికారం లాక్కున్నప్పుడు ఆందోళన వ్యక్తం చేసి, సంబంధాన్ని కొనసాగించింది. బీచ్ స్టేషన్ దగ్గరి బర్మా బజార్‌లో సాయంత్రం పూట అత్తో నూడుల్స్ కలిపే బండ్ల దగ్గర నిలబడితే ఈ చర్చ ఇంకోలా వినిపిస్తుంది. 1962లో సైన్యం వచ్చి వ్యాపారాలు జాతీయం చేశాక రంగూన్ వదిలి వచ్చినవారి కోసం ఏర్పడిన బజారది. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు విశాఖలో బర్మా క్యాంపు కట్టుకున్నాయి. ఆ సైన్యంతో వ్యాపారం చేయాలా వద్దా అన్నది వాళ్లకు సిద్ధాంత ప్రశ్న కాదు. అయినా నా అభిప్రాయం చెప్పాలంటే, పొరుగుదేశాన్ని మార్చుకునే వీలు లేని భారత్‌కు అక్కడ పూర్తి నిషేధం పనికొచ్చేది కాదు. అయితే మాటలు కలిపినందుకు ప్రతిగా ఒక్క షరతైనా రాయించుకోకపోవడం లోపమే.

## షరతుల వాణిజ్యం

"కొంటాం, అయితే ఇలా తయారు చేస్తేనే కొంటాం" అనేది ఈ దారి. దీనిలోని మేలూ కీడూ రెండూ ఈ తీరానికి బాగా తెలుసు.

తోలు బూజు పట్టకుండా పూర్వం టానరీల్లో పెంటాక్లోరోఫినాల్ అనే మందు వాడేవారు. జర్మనీ 1989లో దాన్ని నిషేధించి, తోలులో 5 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఐదు వంతులు) మించితే సరుకు తీసుకోబోమంది. అప్పట్లో జర్మనీ మా పరిశ్రమకు పెద్ద మార్కెట్. తర్వాత కొన్ని ఏళ్లకే క్యాన్సర్ కారకాలుగా విడివడే అజో రంగుల వంతు వచ్చింది. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన, ల్యాబ్ రిపోర్టు లేక రేవులో ఆగిపోయిన పెట్టెల కథలు ఇప్పటికీ చెబుతుంటారు. అయితే అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ప్రత్యామ్నాయ మందులను, పరీక్ష పద్ధతులను టానరీల దాకా తీసుకెళ్లింది. మన ప్రభుత్వం కూడా ఆ రంగులను ఇక్కడే నిషేధించింది. జర్మనీ కొనుగోలుదారుడి పాదాల కోసం పెట్టిన షరతు వల్ల తమిళనాడు తోలు ఊళ్లు రాణిపేటలో, ఆంబూరులో టానరీ డ్రమ్ముల దగ్గర చేతులు తడిపే మనిషికి కూడా విషం తగ్గింది. అడిగిన దానిలో కొలత ఉంది, దాన్ని అందుకోవడానికి దగ్గరలోనే ఒక సంస్థ ఉంది కాబట్టే అది సాధ్యపడింది.

అదే ప్రాంతంలో నాలుగో రాయి సంగతి కూడా తేలింది. టానరీల మురుగు పాలారు నదిని, బావులను పాడు చేస్తోందని వెల్లూరు పౌరులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. తోలు పరిశ్రమ విదేశీ మారకం, ఉపాధి తెస్తున్నంత మాత్రాన నీటిని, నేలను నాశనం చేసే హక్కు దానికి లేదని, కాలుష్యం చేసినవాడే ఖర్చు కట్టాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమని చెప్పింది. యూరప్ ప్రశ్నావళికి నేను ఈ రోజు కాస్త ధైర్యంగా జవాబు రాయగలుగుతున్నానంటే, అందులో ఈ ఇంటి తీర్పుకు వాటా ఉంది.

ఇక కీడు. సముద్రపు తాబేళ్లు వలల్లో చిక్కి చనిపోకుండా, బయటపడే పరికరం బిగించని దేశాల నుంచి రొయ్యలు కొనబోమని అమెరికా చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తుది తీర్పును చాలామంది "పర్యావరణం ఓడిపోయింది" అని పొరపాటుగా చదువుతారు. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని ఆ తీర్పు తప్పు పట్టలేదు. తనకు దగ్గరి పశ్చిమ అట్లాంటిక్ దేశాలకు మూడేళ్ల గడువు, సాంకేతిక సాయం ఇచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడాన్ని తప్పు పట్టింది. షరతు విలువదా, స్వదేశీ వ్యాపారిని కాపాడే గోడదా అని అనుమానం వచ్చినప్పుడల్లా చూడవలసింది ఇదే: గడువు అందరికీ ఒకటేనా, నేర్పించేవాడెవరు?

అదే సమయంలో మన గడప కూడా చూసుకోవాలి. 2025 జనవరిలో చెన్నై తీరానికి చనిపోయిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి. రాత్రుళ్లు ఇసుకలో నడిచి గుడ్లు ఏరి కాపాడే విద్యార్థులు మన దగ్గరే ఉన్నారు, ట్రాలర్ వలలూ మన దగ్గరే ఉన్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో గెలిచిన వాదన బీసెంట్ నగర్ ఒడ్డున పనికి రాదు.

షరతు వికటించే సందర్భాలు ఇంకా ఉన్నాయి. మానవ హక్కుల ఒప్పందాల అమలులో లోపాలున్నాయని శ్రీలంకకు ఇచ్చిన సుంకం రాయితీని యూరోపియన్ యూనియన్ 2010 ఆగస్టులో తీసేసింది. తర్వాతి ప్రభుత్వం వచ్చి హామీలిచ్చాక 2017 మేలో తిరిగి ఇచ్చింది. మెట్లు ఉన్నాయి కనుక తిరిగి రావడం కుదిరింది, కానీ ఆ మధ్యకాలపు భారం పడింది కొలంబో పాలకుల మీద కంటే దుస్తుల ఫ్యాక్టరీల మీద. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్‌లో దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక అమెరికా తన రాయితీని నిలిపేసింది; ఆ రాయితీలో దుస్తులు అసలు లేనే లేవు కాబట్టి దుస్తుల పరిశ్రమకు తగిలింది సంకేతం మాత్రమే. బ్రాండ్లు, కార్మిక సంఘాలు సంతకం చేసిన భవన భద్రతా ఒప్పందమే ఫ్యాక్టరీల్లోకి ఇంజనీర్లను పంపింది. ఇక ఉక్కు, అల్యూమినియం, సిమెంటు మీద యూరప్ తెచ్చిన కార్బన్ సరిహద్దు పన్నుకు (తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి దిగుమతుల మీద వేసే పన్నుకు), కొడగు కాఫీ రైతు తోట సరిహద్దులు కూడా అడిగే అడవుల నరికివేత నిబంధనకు ఇదే కొలబద్ద పెట్టి చూడవచ్చు. కొలత స్పష్టంగా ఉంది, చేయూత మాత్రం చిన్న రైతు దాకా రాలేదు. కాబట్టి వాటి మీద మన ప్రభుత్వం లేవనెత్తిన అభ్యంతరంలో సగం న్యాయం ఉందని నేననుకుంటాను. మిగతా సగం పాత పద్ధతిని ఇంకొన్నాళ్లు సాగనివ్వమన్న కోరికే.

## నిషేధం

దక్షిణాఫ్రికాలో భారతీయుల నివాస హక్కులను కుదించే చట్టం వచ్చినప్పుడు, 1946లో, ఇంకా స్వతంత్రం కాని భారత్ ఆ దేశంతో వ్యాపారాన్ని నిషేధించింది. ఆ పని చేసిన మొదటి దేశం మనదే. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన మన జట్టు, అందులో చెన్నైకి చెందిన విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులు ఉన్నప్పటికీ, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అయినందున ఆడలేదు. కప్పు ఆడకుండానే అవతలివారికి పోయింది. మొదటి రాయి మీద ఇది నిక్కచ్చిగా తూగుతుంది, ఎందుకంటే పోగొట్టుకున్నది మనమే. కానీ పట్టు చాలలేదు. ఐక్యరాజ్యసమితి ఆయుధాల నిషేధం 1977లో గానీ తప్పనిసరి కాలేదు. అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిరాజని ఆంక్షల చట్టం చేసింది 1986లో. ఒక్క దేశపు నిషేధం సాక్ష్యంగా మిగులుతుంది, పలు దేశాల నిషేధం ఒత్తిడిగా మారుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ నిషేధాన్ని కోరినవారిలో అక్కడి నల్లజాతి ఉద్యమ నాయకులే ముందున్నారు. దెబ్బ తమకూ తగులుతుందని తెలిసే కోరారు. 1990లలో ఇరాక్ మీద నడిచిన సమగ్ర ఆంక్షలకు అలాంటి సమ్మతి లేదు, పాలకుడు కదలలేదు, ఆకలి మాత్రం ఇంటింటికీ వెళ్లింది.

ఇతరులు విధించిన నిషేధం మనల్ని ఎలా కట్టేస్తుందో చూడాలంటే చెన్నైలోని మణలి రిఫైనరీ దాకా వెళితే చాలు. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో మొదలైనప్పుడు ఇరాన్ జాతీయ చమురు సంస్థ అందులో భాగస్వామి. నేటి చెన్నై పెట్రోలియంలోనూ ఇరాన్ వైపు సంస్థకు 15 శాతానికి కొంచెం ఎక్కువ వాటా ఉంది. అయినా ఇరాన్ మీద తన ఆంక్షల నుంచి అమెరికా ఇచ్చిన మినహాయింపులు ముగిశాక 2019 మే నుంచి భారత్ ఇరాన్ చమురు కొనడం మానేసింది. విలువ ఎవరిదో, ప్రయోజనం ఎవరిదో, వాటా ఎవరిదో ఒక్క గొట్టంలోనే కలగలిసిపోయింది.

## ఆధారం తగ్గించుకోవడం

ఒకే దేశం మీద ఆధారపడటాన్ని తగ్గించుకోవడం పెద్దగా మాటలు లేని దారి. 2020లో కరోనా పుట్టుకపై స్వతంత్ర విచారణ అడిగిన ఆస్ట్రేలియా మీద చైనా కోపగించి, బార్లీ మీద 80 శాతం దాటిన సుంకం వేసి, వైను, బొగ్గు వంటివాటినీ అడ్డుకుంది. ఇనుప ఖనిజాన్ని మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే అది చైనాకే కావాలి. ఆస్ట్రేలియా మాట వెనక్కి తీసుకోలేదు. బార్లీకి, బొగ్గుకు వేరే కొనుగోలుదారులను వెతుక్కుంది. బార్లీ సుంకం 2023 ఆగస్టులో, వైను సుంకం 2024 మార్చిలో తొలగిపోయాయి. నార్వే కథతో దీన్ని పక్కపక్కన పెట్టి చదవాలి.

రష్యా చమురు విషయంలో భారత్ చేసింది దీనికి తలకిందులు. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో 2 శాతం కూడా లేని వాటా తర్వాత మూడో వంతు దాటింది. 140 కోట్ల మందికి అందుబాటు ధరలో ఇంధనం కావాలన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. రష్యా ముడిచమురు మానేసిన యూరప్ మన రిఫైనరీల డీజిల్‌ను హాయిగా కొనుక్కుంది కూడా. కానీ మొదటి రాయి ఇక్కడ నన్ను వదలదు. చవక చమురు లాభం రిఫైనరీలకు, ఖజానాకు చేరింది. దాని పేరుతో వచ్చిన సుంకం ఆంబూరు కుట్టు మిషన్ల మీద, గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల మీద పడింది. నిర్ణయం తప్పో ఒప్పో అటుంచి, లాభం పొందినవారి నుంచి కొంత తీసి నష్టపోయినవారికి సర్దే ఏర్పాటు ముందే ఉండి ఉంటే, ఆ ఉత్తరం నా బల్ల మీద వేరేగా చదువుకునేవాణ్ని.

## ఎవరు దేని వైపు మొగ్గాలి

సివిల్స్ అభ్యర్థికి నా సలహా, పక్షం ఎంచుకోకుండా సందర్భం ఎంచుకోమని. "విలువలా, ప్రయోజనాలా" అని ప్రశ్నపత్రం అడిగినా, జవాబు నాలుగు రాళ్లతో మొదలుపెట్టి, మూడేసి ఉదాహరణలను వాటి మీద తూచి, చివరికి ఒక దారిని పేరు పెట్టి చెప్పాలి. నేనైతే గడువు, కొలత, చేయూత ఉన్న షరతుకే మొదటి ఓటు వేస్తాను. బాధితులే కోరి, పలు దేశాలు కలిసినప్పుడు నిషేధాన్ని సమర్థిస్తాను. మౌనాన్ని, బయటకు వచ్చే దారి చేతిలో ఉంచుకున్న దేశానికి మాత్రమే ఒప్పుకుంటాను. నాలుగోది వీటికి పోటీ కాదు. అది లేకపోతే మిగిలిన మూడింటిలో దేన్నీ ఎంచుకునే స్వేచ్ఛ ఉండదు.

ఓటరు విదేశాంగ ప్రకటనలు చదివి అలసిపోనక్కరలేదు. ఒక నిర్ణయం వచ్చినప్పుడు తన నియోజకవర్గంలో దాని బిల్లు ఎవరికి వస్తుందో ఆరా తీసి, వారికి ఏం సర్దుతున్నారని ఎంపీని అడిగితే చాలు. మణలిలో ఉండేవారికి, ఆంబూరులో ఉండేవారికి ఒకే నిర్ణయం మీద వేర్వేరు జవాబులు రావడం సహజం.

ఎగుమతిదారుకు ఎంచుకునే వీలు తక్కువ, సిద్ధపడే వీలు ఎక్కువ. ఒకే దేశానికి సగానికి మించి సరుకు పంపే సంస్థ ఆస్ట్రేలియా బార్లీ రైతు చేసిన పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ప్రశ్నావళిని వేధింపుగా చూడటం మానుకుంటే అది కాస్త రక్షణగానూ పనిచేస్తుంది, ఎందుకంటే సుంకం మీద వాదించలేం గానీ ల్యాబ్ రిపోర్టు మీద వాదించగలం. తోలులో క్రోమియం-6 అనే హానికర రసాయనం కిలోకు 3 మిల్లీగ్రాములు మించకూడదన్న యూరప్ నిబంధన 2015 మే నుంచి అమల్లో ఉంది. ఆ రిపోర్టు, శుద్ధి ప్లాంటు రసీదు, ఓవర్‌టైం రిజిస్టరు జిరాక్సు ప్రతి ఆర్డరు ఫైలులోనూ ఇన్వాయిస్ వెనకే గుచ్చి ఉంచడం మా దగ్గర అలవాటు చేశాం. ఆ రోజు వచ్చిన యూరప్ ఉత్తరానికి జవాబు రెండు గంటల్లో వెళ్లింది. అమెరికా ఉత్తరానికి యజమాని మూడు రోజులు ఆలోచించి, సగం తగ్గింపుకు ఒప్పుకున్నారు.